హెడ్మాస్టరు గారి కుర్చీ
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కమిటీ మిత్రులు "మీ ఉద్యోగ అనుభవాలు చెప్పండి" అన్నారు. నేను ముప్పై ఏళ్ళుగా పవర్ ప్లాంట్లలో పనిచేస్తున్న మెకానికల్ ఇంజనీరును. టర్బైన్లు, బాయిలర్లు అని మొదలుపెడితే భోజనాల గంట కొట్టేలోపే మీలో సగం మంది నిద్రపోతారు. పైగా చెల్పూర్ వాళ్ళకు కరెంటు గురించి చెప్పడమేంటి? కాకతీయ థర్మల్ ప్లాంటు మన ఊళ్ళోనే ఉంది. 2010లో 500 మెగావాట్లు, 2016లో ఇంకో 600 మెగావాట్లు. దాని చిమ్నీని చూస్తూ పెరిగిన పిల్లలు ఈ హాల్లో కూర్చుని ఉన్నారు. అందుకని ఉద్యోగం సంగతి పక్కన పెట్టి, ఇదిగో, నా పక్కన ఉన్న ఈ కుర్చీ గురించి చెబుతాను. దయచేసి దీంట్లో మాత్రం ఎవరూ కూర్చోవద్దు. ఎందుకో చివర్లో చెబుతా.

మా బ్యాచు వాళ్ళు దీన్ని గుర్తుపట్టే ఉంటారు. హెడ్మాస్టరు గారి కుర్చీ. మేం చదువుకునేటప్పుడు కింది తరగతుల్లో సంచి పట్టాలే మా ఆసనాలు. తొమ్మిదికి వస్తే బెంచీ. అంటే బెంచీ ఎక్కడమే ఒక ప్రమోషన్. ఇక కుర్చీ అంటే సార్లది. అందులోనూ ఈ చేతుల కుర్చీ ఒక్కరిదే. ఫీజు కట్టడానికో, దెబ్బలు తినడానికో ఆ గదిలోకి పోతే మొదట కనపడేది సారు ముఖం కాదు, ఈ కుర్చీ చేతులు. తల దించుకుని నిలబడేవాళ్ళం కదా, మా కళ్ళ ఎత్తుకు అవే వచ్చేవి.

కిందటి ఏడు కమిటీ మీటింగుకు వచ్చినప్పుడు స్టోర్ రూములో దీన్ని చూశాను. విరిగిన బెంచీలు, తుప్పుపట్టిన బీరువా, వాటి మీద కాళ్ళు పైకి పెట్టి ఇది. కండెమ్ లిస్టులో రాసేశారట, వేలానికి. ఆ మీటింగులోనే మనం హెడ్మాస్టరు గదికి కొత్త రివాల్వింగ్ కుర్చీలు కొనిద్దామని తీర్మానం చేస్తున్నాం. నేనూ చెయ్యెత్తాను. ఎత్తిన చెయ్యి దించి, "ఆ పాతది ఒకటి నాకిస్తారా, బాగుచేసి తెస్తా" అన్నాను. అప్పటికి నాకు ఈ పని ఓ మోస్తరు వచ్చు అనుకునేవాణ్ణి.

వచ్చు అని ఎందుకనుకున్నానంటే, కొన్నేళ్ళ కింద మా అవ్వ పడుకునే నులక మంచం నేనే అల్లాను. చిన్నప్పటి నుంచి చూసిన పనే. ఒక మాట ఒప్పుకోవాలి. ఇన్నేళ్ళ ఇంజనీరింగులో ఆరుబయట వాడడానికి నులక మంచం కన్నా మంచి డిజైను నేను చూడలేదు. వాన పడితే నీళ్ళు నిలవవు. ఎండకు వేడెక్కదు, కింద నుంచి గాలి ఆడుతుంది. వదులైతే కాళ్ళ వైపు తాడు గుంజి బిగిస్తే చాలు. నులక పోతే నులక మారుతుంది, కర్ర అట్లాగే ఉంటుంది. నల్లులు పడితే ఎండలో నిలబెట్టి కర్రతో బాదడమే. ఈ మంచాన్ని వదిలేసి మనం వరండాల్లో వేలు పోసి స్పాంజి సోఫాలు వేసుకున్నాం. రెండు వానాకాలాలు తిరక్కుండానే వాసన వస్తుందని వాటిని బయట పారేస్తున్నాం.

ఆ స్పాంజి సంగతి నాకు ఎట్లా తెలిసిందో చెప్పాలంటే, నాతో తొమ్మిదో తరగతి దాకా ఒకే బెంచీలో కూర్చున్న మనిషి గురించి చెప్పాలి. పేరు చెప్పొద్దని షరతు పెట్టాడు. మా బ్యాచుకు ఎట్లాగూ తెలుసు. వాళ్ళది దూదేకే ఇల్లు. చలికాలం ముందు వాళ్ళ నాయిన భుజాన పెద్ద విల్లు వేసుకుని వచ్చేవాడు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగేవాడు. నరంతో చేసిన ఆ తీగె మీద కట్టె గుండుతో కొడితే టంగు టంగుమని ఒక మోత. గడ్డ కట్టిన పాత పరుపు దూది మబ్బులా లేచేది. మేము పిల్లలం చుట్టూ చేరి నోటితో ఆ మోత మోగించేవాళ్ళం. తర్వాత దూది మిషన్లు వచ్చాయి, ఆయనకు దగ్గు వచ్చింది. కొడుకు తొమ్మిది సగంలో బడి మానేసి హనుమకొండలో ఒక కుషన్ వర్క్స్‌లో చేరాడు. లెక్కల్లో నాకన్నా ముందుండేవాడు. ఇది మర్యాదకు అనడం లేదు. లెక్కల సారు ఇక్కడే ఉన్నారు, అడగండి.

నేను వరంగల్ ఆర్‌ఈసీలో చేరాను. అతను జీపు సీట్లు, బస్సు సీట్లు కుట్టాడు. బొగ్గు బాయిలు పెరిగి భూపాలపల్లి ఊరైనంక అక్కడ సొంత షాపు పెట్టాడు. ఆటో సీట్లు, ట్రాక్టరు సీట్లు, సోఫాలు. చాలా ఏళ్ళ తర్వాత నా కారు సీటు చినిగితే పోయాను. లేచి నిలబడి "రండి సార్" అన్నాడు. "సార్ ఏంటిరా" అని నేను అనాల్సింది. అనలేదు. బాగానే ఉందనుకున్నానేమో.

ఇక పడవ సంగతి. మన వైపు చెరువులకు కొదవ లేదు. లక్నవరంలో, రామప్ప చెరువులో బోటింగ్ మీరంతా చూసిందే. పడవ ఎవరిది, ఏ చెరువుది అన్నది ఇక్కడ వదిలేద్దాం. నాకు తెలిసినవాళ్ళది. దాంట్లో సీట్లు పాడయ్యాయి, కొత్తవి చేయించాలి, "మీరు ఇంజనీరు కదా, చూడండి" అన్నారు. అంతే, నాకు ఉత్సాహం వచ్చింది. కంప్యూటరు ముందు కూర్చుని నాలుగు పేజీల స్పెసిఫికేషన్ రాశాను. 40 డెన్సిటీ ఫోము, కింద గట్టి ప్లైవుడ్, చుట్టూ మందపాటి ముదురు నీలం రెగ్జిన్. చుక్క నీరు లోపలికి పోకూడదు అని పెద్ద అక్షరాలతో రాశాను. మొత్తం ఇరవైనాలుగు సీట్లు. పని మా దోస్తుకే ఇప్పించాను.

అతను ఆ పేజీలు చదివి ఒకటే అడిగాడు: "సార్, అడుగున జాలి గుడ్డ పెడదామా?" నేను ఎర్ర పెన్నుతో కొట్టేశాను. జాలి పెడితే నీళ్ళు పోవా అని నా ప్రశ్న. అతను ఇంకేం అనలేదు. నేను రాసిచ్చినట్టే కుట్టి ఇచ్చాడు.

ఒక్క వానాకాలం. దసరా తర్వాత ఫోను వచ్చింది. సీట్లు కంపు కొడుతున్నాయి, కూర్చుంటే బట్టలు తడుస్తున్నాయి, ప్లైవుడ్ పొరలు లేచింది, పిన్నులు తుప్పుపట్టి రెగ్జిన్ మీద ఎర్ర మరకలు. నేను పోయాను, అతన్నీ పిలిపించాను. ఒడ్డున ఓనరు, పడవ నడిపేవాళ్ళు, టికెట్లిచ్చే పిల్లలు, పదిమంది దాకా ఉన్నారు. వాళ్ళందరి ముందు నేను అన్న మాట ఇప్పుడు చెబుతున్నాను: "కుట్టు బాగలేదు. తొమ్మిదిలో బడి మానకపోతే నీకు ఇవన్నీ తెలిసేవి."

అతను నా ముఖం చూడలేదు. ఒక సీటు ఎత్తి నా చేతుల్లో పెట్టి "పట్టుకోండి సార్" అన్నాడు. నడుము వంగింది. కింద పెట్టి మోకాలితో నొక్కాడు. కుట్టు పొడుగునా సన్నగా నీళ్ళు చిమ్మాయి. అప్పుడు బ్లేడుతో ఒక పక్క కోసి తెరిచాడు. కుట్టు ఒక్కటి కూడా తెగలేదు. దారం అట్లాగే ఉంది. "కుట్టు తప్పయితే కుట్టు ఊడాలె సార్. ఊడలే. మీరు నీళ్ళు రాకుండ చెయ్యమన్నరు. వచ్చిన నీళ్ళు పోయే తొవ్వ పెట్టనియ్యలే." అంత మాత్రమే అన్నాడు.

ఆ రాత్రి ఇంటికి వచ్చి లెక్క వేసుకున్నాను. ఇది పొలంలో అలుగు లెక్కే, నాకు ముందే తట్టాల్సింది. పద్దెనిమిది అంగుళాల చదరపు సీటు, నాలుగు అంగుళాల మందం. పైన ఒక కుట్టు, కింద ఒక కుట్టు, చుట్టూ తిరిగితే మూడున్నర మీటర్ల పైనే. నాలుగు మిల్లీమీటర్లకు ఒక సూది పోటు. అంటే ఒక్కో సీటుకు తొమ్మిది వందల రంధ్రాలు. రెగ్జిన్ నీళ్ళను ఆపుతుంది, నిజమే, రంధ్రం ఆపదు. మనిషి కూర్చుంటే లోపలి గాలి ఆ రంధ్రాల్లోంచి బయటికి పోతుంది. లేస్తే సీటు ఊపిరి పీల్చుకుంటుంది. అప్పుడు పైన తడి ఉంటే గాలితో పాటు తడినీ పీలుస్తుంది. అంటే అది సీటు కాదు, నేను డబ్బిచ్చి చేయించిన పంపు. పగలు ముదురు నీలం రెగ్జిన్ ఎండకు కాగి లోపలి తడి ఆవిరవుతుంది, రాత్రి చల్లబడి మళ్ళీ నీరవుతుంది. బూజుకు అంతకన్నా ఏం కావాలి?

ఇంకో లెక్క నన్ను నిద్రపోనివ్వలేదు. ఆ సీటులో పట్టే స్థలం ఇరవై లీటర్ల పైన. పొడి ఫోము కిలో కూడా తూగదు. సగం నీళ్ళు చేరితే పది కిలోలు. ఇరవైనాలుగు సీట్లు, 240 కిలోలు. టికెట్టు లేని నలుగురు మనుషులు ఆ పడవలో రోజూ తిరుగుతున్నారన్నమాట, అదీ నేను ఎక్కించినవాళ్ళు. పడవకు ఏమీ కాలేదు. అది నా గొప్ప కాదు.

తర్వాత ఆ సీట్లన్నీ అతనే మళ్ళీ చేశాడు. ఎట్లా చేశాడో కొంచెం వివరంగా చెబుతాను, మీలో వరండాలో, మేడ మీద కుషన్లు వేసుకున్నవాళ్ళకు పనికొస్తుంది. కింద ప్లైవుడ్ తీసేసి, వేలు దూరేంత సందు వదిలి టేకు పట్టీలు కొట్టాడు. ప్లైవుడ్డే కావాలంటే ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ రకం తీసుకోవాలి. మామూలు ప్లైకి ఐఎస్ 303 అని ఉంటుంది, షాపువాడు రెండూ ఒకటే అంటాడు, వినకండి. ఫోము బదులు మూసిన గుల్లల షీటు వేశాడు. ఫోముల్లో రెండు జాతులు. ఒకదాంట్లో గుల్లలు ఒకదానికొకటి తెరుచుకుని ఉంటాయి, అది మెత్తగా ఉంటుంది, నీళ్ళు తాగుతుంది. ఇంకోదాంట్లో ప్రతి గుల్ల విడిగా మూసుకుని ఉంటుంది, కొంచెం గట్టి, కానీ తాగదు. టీవీ డబ్బాలో తెల్లగా వచ్చే షీటు ఆ జాతిదే. రామప్ప గుడి శిఖరంలో వాడిన ఇటుక నీళ్ళలో తేలుతుందని చిన్నప్పుడు మనం ఎంత గొప్పగా చెప్పుకునేవాళ్ళం! అక్కడా సంగతి గుల్లలదే, వాటిలోని గాలిదే. 1213లో కట్టిన గుడి, 2021లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. దాని పక్క ఊళ్ళలో పెరిగి నేను నీళ్ళు తాగే ఫోమును పడవలో వేశాను.

ఆ షీటు మీద కూర్చోవడానికి మెత్తగా ఉండాలని సన్నని పొర మామూలు ఫోము వేసి, అడుగున జాలి గుడ్డ. అదే, నేను ఎర్ర పెన్నుతో కొట్టేసిన జాలి. దారం పాలిస్టరు. నూలు దారం తడికి కుళ్ళుతుంది, నైలాను ఎండకు త్వరగా చీకిపోతుంది. ఇనుప పిన్నులు పూర్తిగా మాని, సీటును పట్టీలతో కట్టాడు. రంగు లేతది. సాయంత్రం పడవ ఆగగానే సీట్లు విప్పి నిలువుగా ఆనించి పెట్టమన్నాడు. ఈ చివరిది ఖర్చు లేని పని, ఎవరూ చెయ్యని పని కూడా.

మాటల్లో అతను వాళ్ళ నాయిన చెప్పిన సంగతి ఒకటి చెప్పాడు. పత్తి దూది నీళ్ళు తాగుతుంది, బూరుగు దూది తాగదు అని. నేను వెతికి చూస్తే నిజమే. బూరుగు జాతి దూది పోగు లోపల బోలుగా ఉంటుంది, పైన సన్నని మైనపు పూత. ప్లాస్టిక్ ఫోములు రాకముందు ఓడల్లో లైఫ్ జాకెట్లు ఈ రకం దూదితోనే నింపేవాళ్ళు, ప్రపంచ యుద్ధాల కాలంలో కూడా. మా అవ్వ మెత్త అదే. దాన్ని బకెట్లో వేసి చూశాను, తేలింది. అవ్వతో తిట్లు తిన్నాను. ఇప్పుడు పడవల్లో దాన్ని వాడమని మాత్రం చెప్పను. అది నలిగి అణిగిపోతే తేలే గుణం తగ్గుతుంది, నిప్పు తగిలితే భగ్గుమంటుంది.

రెండోసారి సామాను ఖర్చు నేను పెట్టుకున్నాను. కూలి ఇస్తే అతను తీసుకోలేదు. పైసల సంగతి అట్లా తేలింది. ఒడ్డున అన్న మాట మాత్రం అట్లాగే ఉండిపోయింది. నేను వెనక్కి తీసుకోలేదు, అతను అడగలేదు. "సార్", "రండి సార్" అట్లాగే నడిచింది.

ఇప్పుడు కుర్చీకి వస్తాను. స్టోర్ రూములోంచి దీన్ని తెచ్చినప్పుడు సీటు మీద పగిలిన నల్ల రెగ్జిన్ ఉంది. రెగ్జిన్ అన్నది నిజానికి ఇంగ్లండులో ఒక కంపెనీ తన సరుకుకు పెట్టుకున్న పేరు, మనం అన్నిటికీ అదే వాడుతున్నాం. నేను నేరుగా అతని షాపుకే తీసుకుపోయాను. ఇద్దరం కలిసి విప్పాం. రెగ్జిన్ కింద స్పాంజి, ముట్టుకుంటే పసుపు పొడి అయి రాలింది. దాని కింద మేకులతో కొట్టిన ప్లై. ప్లై తీస్తే అసలు సీటు, తెగిన బెత్తం అల్లిక, చుట్టూ వరసగా రంధ్రాలు. ఆ సందుల్లో ఒక సుద్దముక్క, పెన్ను పాళీ, అల్యూమినియం ఇరవై పైసల బిళ్ళ దొరికాయి. బిళ్ళ నా దగ్గరే ఉంది, ఎవరిదైనా ఉంటే భోజనాల దగ్గర కలవండి.

చెక్క పట్టుకుని చూస్తే ఏమీ కాలేదు. మహాదేవపూర్, ఏటూరునాగారం అడవులు దగ్గర ఉండగా మన బళ్ళకు టేకు కరువా? టేకులో నూనె ఉంటుంది, చెద అంత త్వరగా ముట్టదు. జాయింట్లు మాత్రం కదిలాయి. పాత వడ్లవాళ్ళు సరేసు వాడేవాళ్ళు, పశువుల తోలు, ఎముకలు ఉడికించి తీసే బంక. వేడినీళ్ళ గుడ్డ చుడితే మెత్తబడి జాయింటు విడిపోతుంది. శుభ్రం చేసి మళ్ళీ బిగించుకోవచ్చు. విడిపోవడం దాని లోపమనుకుంటాం కానీ, అందువల్లే ఆ కుర్చీ ఎన్నిసార్లయినా బాగవుతుంది. ఇప్పటి తెల్ల బంక ఒకసారి పట్టిందంటే జాయింటును తెరవాలంటే చెక్క విరగాల్సిందే. మేము వెదురు చీలలు కొత్తవి చెక్కి, సరేసుతోనే బిగించాం.

అల్లిక దగ్గర ఇద్దరం ఆగిపోయాం. అతనికి కుషన్లు వచ్చు, బెత్తం రాదు. హనుమకొండలో ఆఫీసు కుర్చీలు అల్లే ఒక పెద్దాయన ఉన్నాడని విని పోయాం. ఆయనకు చూపు లేదు. మన దేశంలో కుర్చీలు అల్లే పని ఎన్నో ఏళ్ళుగా చూపులేనివాళ్ళు నేర్చుకుని చేస్తున్నదే. ప్రభుత్వం వాళ్ళకు కేటాయించే ఉద్యోగాల్లో కుర్చీలు అల్లే పోస్టు కూడా ఉంది. మీ ఆఫీసుల్లో మీరు కూర్చున్న కుర్చీలు ఎవరు అల్లారో ఎప్పుడైనా చూశారా? నేను చూడలేదు.

ఆయన నేర్పించారు. బెత్తం పట్టీలను నీళ్ళలో నానబెట్టాలి, నిగనిగలాడే వైపు పైకి ఉండాలి. మొదట నిలువు, దాని మీద అడ్డం, మళ్ళీ నిలువు, మళ్ళీ అడ్డం, ఈసారి కిందికి పైకి అల్లుతూ. ఆపైన ఈ మూల నుంచి ఒక ఐమూల, ఆ మూల నుంచి ఒక ఐమూల. ఆరు వరుసలు. తడిగా ఉన్నప్పుడు కొంచెం వదులుగా కనిపిస్తుంది, ఆరితే డోలు తోలులా బిగుస్తుంది. మీ ఇంట్లో బెత్తం కుర్చీ సీటు కుంగి ఉండి, పట్టీ ఎక్కడా తెగకపోతే, కుర్చీని తలకిందులు చేసి అడుగు వైపు వేడినీళ్ళ గుడ్డతో బాగా తడిపి రాత్రంతా ఎవరూ కూర్చోకుండా వదిలేయండి. తెల్లారేసరికి చాలా వరకు లేస్తుంది. అన్నట్టు, సారు చేతిలోని బెత్తమూ, సారు కింది బెత్తమూ ఒక్క చెట్టువే. ఒకటి మన అరచేతుల మీద బాగా అల్లుకుపోయింది.

మేము అల్లి తీసుకుపోయిన మొదటి సీటు మీద ఆయన అరచెయ్యి ఒక్కసారి పోనిచ్చి, ఒకచోట ఆపి, "ఇది కిందినుంచి పోవాలె, మీదినుంచి పోయింది" అన్నారు. చూస్తే నిజమే. ఆ వరుస నాది. అక్కణ్ణుంచి ఇవతలికి మొత్తం విప్పాల్సి వచ్చింది. మళ్ళీ షాపులో కూర్చుని అల్లుతుంటే ఐమూల గుంజేటప్పుడు పట్టీ నా చేతిలో టప్పున తెగింది. అప్పుడు పక్కనుంచి "ఏందిరా, గట్ల గుంజుతవు! ఆర్‌ఈసీల గిదేనా నేర్పింది?" అని వినపడింది. ముప్పై ఎనిమిదేళ్ళ తర్వాత "రా" అన్నాడు. నేను తల ఎత్తలేదు, ఇంకో పట్టీ నీళ్ళలోంచి తీసుకున్నాను.

హైదరాబాదులో ఫలక్‌నుమా ప్యాలెస్ చూసినవాళ్ళు ఉంటారు. 2010లో తాజ్ వాళ్ళు దాన్ని హోటల్‌గా తెరిచేముందు దాదాపు పదేళ్ళు బాగుచేశారు. 101 మంది కూర్చునే ఆ భోజనాల బల్లను, కుర్చీలను చూసి అందరూ ఫొటోలు దిగుతారు. అది నిజాం సొమ్ము, చూసుకునేవాళ్ళు ఉంటారు. మన స్టోర్ రూములో ఈ కుర్చీ లాంటివి ఇంకా పదకొండు ఉన్నాయి. లెక్కపెట్టాను. బెత్తానికి, సరేసుకు, పాలిష్‌కు కలిపి దీనికి నాకైన ఖర్చు 1,850 రూపాయలు. కూలి మాది మేమే. పదకొండింటికీ చేస్తే మనం తీర్మానం చేసిన రివాల్వింగ్ కుర్చీల డబ్బులో చాలా మిగులుతుంది. ఆ మిగిలినదాంతో బాలికల మరుగుదొడ్డి తలుపులు మార్పించవచ్చు. అవి నేను పొద్దున చూశాను, కుర్చీల కన్నా వాటిది తొందర. హెడ్మాస్టరు గారు వేలాన్ని వేసవి సెలవుల దాకా ఆపుతానన్నారు. వారికి కృతజ్ఞతలు.

సెలవుల్లో ఆదివారాలు ఇక్కడే వరండాలో పని పెట్టుకుంటాం. మా దోస్తు తన షాపు నుంచి పనిముట్లు తెస్తానన్నాడు. మిగతావి, అంటే బర్మా, రంద, గాజు పేపరు ఎవరింట్లో ఉంటే వాళ్ళు తేవాలి. నేర్చుకుంటామన్న పిల్లలుంటే పంపండి. సీట్ల మీద వేసుకోవడానికి వరంగల్ కొత్తవాడ జంపఖానా గుడ్డతో పలుచని గద్దెలు కుడతాడట. 2018లో జీఐ గుర్తింపు వచ్చిన మన సరుకే, ఉతకవచ్చు, చెమటకు అంటుకోదు.

ఇక ఒక్క పని మిగిలింది. ఆ రోజు చెరువు ఒడ్డున పదిమంది ముందు నేను అన్న మాటను ఇక్కడ ఇంతమంది ముందు వెనక్కి తీసుకుంటున్నాను. తప్పు కుట్టుది కాదు, నా కాగితానిది. చదువుకోనిది కూడా అతను కాదు, ఆ రోజు అతను అడిగిన ఒక్క ప్రశ్నను నేను చదవలేకపోయాను. అతను వెనక నుంచి మూడో వరుసలో, కిటికీ పక్కన కూర్చున్నాడు. తల దించుకున్నాడు, మీరు తిరిగి చూడకండి, సిగ్గుపడతాడు.

కుర్చీలో కూర్చోవద్దని ఎందుకన్నానంటే, చివరి ఐమూల నిన్న రాత్రి పదకొండింటికి పూర్తయింది. బెత్తం ఇంకా పచ్చిగానే ఉంది. రేపు సాయంత్రం దాకా హెడ్మాస్టరు గారైనా సరే, కలెక్టరు గారైనా సరే కూర్చోవద్దని మేస్త్రీ ఆర్డరు. ఫొటోలు మాత్రం పక్కన నిలబడి దిగవచ్చన్నాడు.